గొర్రెల తెలుగులో రాయబారం

ఆ ఫొటోలో ఎడమ అంచున కనిపించే మోచెయ్యి నాది.

ఫొటో మీరు చూసే ఉంటారు. సౌదీలో బురైదా బయట ఖర్జూరపు తోటలు అయిపోయే చోట, పైనుంచి వచ్చినవాళ్ల బండి ముందు, వరసగా నిలబడి నవ్వుతున్న పెద్దలు. ఆ వరసలో నేనూ ఉన్నాను. ఫొటో తీసినవాడు నన్ను కోశాడా, వేసినవాళ్లు కోశారా అని అప్పటినుంచీ అడుగుతున్నాను. వేసినవాళ్లు తీసినవాడిని అడగమంటారు. తీసినవాడు ఫోనెత్తడు. మోచెయ్యి మాత్రం చాలా స్పష్టంగా పడింది.

గల్ఫ్‌లో అనువాదం పనికి వెళ్లబోతున్న కుర్రవాళ్లు కొందరు ఆ వ్యవహారం గురించి నన్ను అడిగారు. ఇప్పటిదాకా చెప్పినవాళ్లంతా అక్కడ కుర్చీలో కూర్చున్నవాళ్లే. నిలబడినవాడి మాట కూడా ఒకటి ఉంటే మంచిదని రాస్తున్నాను.

నాది గోదావరి జిల్లా. ఉద్యోగం రాబిగ్‌లో. అక్కడి పెద్ద రిఫైనరీకి కూలీలను సరఫరా చేసే ఒక కంపెనీలో, లేబర్ ఆఫీసు అనువాదకుడిగా జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాను. తెలుగు, ఉర్దూ, అరబ్బీ, ఇంగ్లీషు నాలుగూ చేసేవాణ్ణి. నా పని మాటలను అటునుంచి ఇటు చేర్చడం అని చాలామంది అనుకుంటారు. కాదు, మాటలను చల్లార్చి చేర్చడం. ఒక వెల్డర్ వచ్చి మేనేజరు ముఖం మీదే గాడిద అంటాడు. నేను, "ఈ మనిషికి తమరంటే చాలా గౌరవం, కాకపోతే చిన్న బాధ ఉంది," అంటాను. మేనేజరు అరబ్బీలో వీణ్ణి బయటికి గెంటమంటాడు. నేను వెల్డర్‌తో, "సారు ఆలోచిస్తానన్నారు, వెళ్లి పని చూసుకో," అంటాను. ఇద్దరూ తృప్తిగా వెళ్తారు. మా క్యాంపులో కొట్లాటలు జరగలేదంటే దానికి కారణం నేను. ఆ సంగతి ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు. శాలువా మాత్రం క్యాంటీన్ కాంట్రాక్టరుకు కప్పారు.

అలాంటి నన్ను ఒక శుక్రవారం, సెలవు రోజున, ఎందుకో చెప్పకుండా కారెక్కించారు. తాగడానికి నీళ్లు నువ్వే తెచ్చుకో అన్నారు. మదీనా దాటాక గానీ డ్రైవర్ సంగతి చెప్పలేదు. పెషావర్ వైపు మనిషి. ఆకాశం నుంచి దిగినవాళ్లకు ఒక్క తెలుగే వచ్చునట ఉస్తాద్, మీ అదృష్టం అన్నాడు.

అది ఎలాగో చెప్తాను.

వాళ్ల బండి దిగినప్పుడు పెద్ద హడావిడి ఏమీ జరగలేదు. చూడటానికి నీళ్ల ట్యాంకర్‌లా ఉంది, చక్రాలు లేవు, అంతే. ఎవరో మురుగు పారబోయడానికి తెచ్చి వదిలేశారని తోటలవాళ్లు మునిసిపాలిటీకి ఫిర్యాదు కూడా చేశారట. దగ్గరగా చూసిన మొదటి మనిషి ఒక గొర్రెల కాపరి. జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు. డ్రైవర్ పని అని చెప్పి తెచ్చి గొర్రెల వెనక పెట్టారు. ఐదేళ్లుగా ఇంటికి వెళ్లలేదు. సెలవు అడిగితే కఫీల్, అంటే ఆయన్ను వీసా మీద తెచ్చుకున్న తోట యజమాని, ఈతలు అయిపోనీ చూద్దాం అనేవాడు. గొర్రెల మందలో ఈతలు ఎప్పటికి అయిపోతాయి?

ట్యాంకర్ తలుపు తెరుచుకుని వాళ్లు బయటికొచ్చారు. చుట్టి నిలబెట్టిన తుంగచాపల్లా ఉంటారు. ముఖం ఎక్కడో తెలియదు, మాట మధ్యలోంచి వస్తుంది. ఇంకెవరైనా అయితే పరిగెత్తేవారు. మనవాడు పరిగెత్తలేదు. చొక్కా జేబులోంచి ఇకామా తీసి ఇచ్చేశాడు.

దీనికి నవ్వేవాళ్లు సౌదీలో పని చేయనివాళ్లు. అక్కడ మన కూలీ మనిషికి ఇకామా, అంటే ఫొటో ఉన్న నివాసపు కార్డే ప్రాణం. దారిలో ఎవరు ఆపినా, ఆపినవాడు ఎవరో చూసుకోకముందే చెయ్యి జేబులోకి పోతుంది. అడిగాక ఇస్తే ఒక చూపు, అడక్కముందే ఇస్తే ఒక చూపు. అందుకని అందరూ అడక్కముందే ఇస్తారు. నేను టై కట్టుకునే ఉద్యోగం చేశాను, నేనూ అలాగే ఇచ్చేవాణ్ణి. ఒకసారి సూపర్‌మార్కెట్ తలుపు దగ్గర యూనిఫాం వేసుకున్న బొమ్మకు ఇవ్వబోయాను. కొత్తరకం తనిఖీవాళ్లు అనుకున్నాడట మన కాపరి.

అయితే పైనుంచి వచ్చినవాళ్ల లోకంలో పద్ధతి వేరు. తన ముఖం ఉన్న వస్తువును తన చేత్తో ఎవరికైనా ఇస్తే, తనను తాను వాళ్లకు ఇచ్చేసుకున్నట్టు. దాన్ని వద్దనడం ఘోరమైన అవమానం, పారేయడం ఇంకా ఘోరం. వాళ్లు కార్డు తీసుకున్నారు, మర్యాదగా ఆయన్ను లోపలికి తీసుకుపోయారు. సాయంత్రానికి గొర్రెలు వాటంతట అవే తోటకు వచ్చాయి. కాపరి రాలేదు. కఫీల్ ఫోన్లో నొక్కి హురూబ్ పెట్టాడు, అంటే పనివాడు పారిపోయాడని ప్రభుత్వానికి తెలియజేయడం. ముసలాయన చెడ్డవాడని అనను. పెట్టకపోతే పనివాడు ఎక్కడ ఏం చేసినా ఆయన మెడకు చుట్టుకుంటుంది. పెట్టాక మాత్రం ఆ మనిషి ఎవరికీ చెందడు. కనపడితే పట్టుకుంటారు.

లోపల కూర్చుని వాళ్లు ఆయన దగ్గర మాట నేర్చుకున్నారు. ఆయన ఐదేళ్లుగా పగలంతా గొర్రెలతో మాట్లాడేవాడు, పని అయ్యాక ఫోన్లో భార్యతో మాట్లాడేవాడు. కాబట్టి వాళ్లకు వచ్చిన తెలుగు ఆ రెండు రకాలే. నాకంటే ముందు అనువాదానికి ఒక హైదరాబాదీ ఇంజినీరును పెట్టి చూశారట. ఆయన వాక్యంలో తెలుగు చివరి క్రియాపదం ఒక్కటే ఉంటుంది. వాళ్లకు అది కూడా అర్థం కాలేదు.

నేను వెళ్లేసరికి అక్కడ పెద్ద గుడారం వేసి ఉంది. మెడలో వేసుకునే కార్డు నాకు ఇచ్చారు. దాని మీద డ్రైవర్ అని ఉంది. అనువాదకుడు అనే గడి కంప్యూటర్‌లో లేదన్నారు. దాంతో భోజనం డ్రైవర్ల పందిరిలో. గుడారంలో అందరికీ కుర్చీలున్నాయి. కఫీల్‌కు ఒకటి, ఆయన తెచ్చిన గహ్వా కాఫీ ఫ్లాస్కుకు ఒకటి. ఆ వ్యవహారం చూడటానికి సౌదీ ప్రభుత్వం పంపిన ముదీర్‌కు పెద్దది. మన దేశం తరఫున వచ్చిన అధికారికి అంతే పెద్దది, ఎందుకంటే ఆయన రెండూ పక్కపక్కన పెట్టించి కొలిపించుకున్నాడు. కాపరి ఆరోగ్యం చూడటానికి రప్పించిన నర్సుకు ఒకటి. అనువాదకుడు నిలబడాలి.

ఆ నర్సమ్మది బాపట్ల. బురైదాలో ఏదో ఆసుపత్రిలో చాలాకాలంగా చేస్తోంది. బండి లోపలికి వెళ్లి రావడానికి వాళ్లు ఒప్పుకున్నది ఆవిడ ఒక్కదాన్నే. నేను కుర్చీ గురించి ముదీర్ మనుషులతో మూడోసారి మాట్లాడుతుంటే వెనకనుంచి అంది:

"అంకుల్, మీ కుర్చీ సంగతి తర్వాత చూద్దాం గానీ, లోపల ఆయనకు బీపీ పెరుగుతోంది. వాళ్ల బండి చల్లబడగానే వెళ్లిపోతారంట. ఈయన్ని తీసుకునే వెళ్తారంట. ఆ సంగతి ఇక్కడెవరికైనా పట్టిందా?"

ఆవిడకూ నాకూ మహా అయితే పదిహేనేళ్ల తేడా. అంకుల్ ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ సంగతి నిజమే. వాళ్లు బండి నీడ పడే వైపు రోజూ చెయ్యిలాంటిది పెట్టి వేడి చూసుకుంటున్నారు. అది చల్లారితే వెళ్తారు. ఎక్కడికో, ఎంత దూరమో ఎవరికీ తెలియదు. కాపరి భార్య ఊళ్లో బీడీలు చుడుతుంది. కళ్లు మసకలు కమ్మాయి. ఆపరేషన్‌కు డాక్టరు తేదీ ఇస్తే, ఆయన వచ్చి గది బయట కూర్చుంటే తప్ప బల్ల ఎక్కనంటోందట. ఆయన నర్సమ్మతో మాట్లాడిందంతా దాని గురించే. ఇక్కడ బాగనే చూసుకుంటుండ్రమ్మా, ఏసీ ఉన్నది, ఎవ్వలు తిడ్తలేరు, గని ఇంటికి పోవాలె అంటున్నాడట.

మొదటి రోజు నేను నా శక్తికొద్దీ ప్రసంగించాను. లోకాంతరాల నుంచి విచ్చేసిన మహనీయులారా అని మొదలుపెట్టి, స్వేచ్ఛ, సౌహార్దం, పరస్పర విశ్వాసం అన్నీ తెచ్చాను. చాపచుట్టల్లో పెద్దది, వాళ్ల తరఫున మాట్లాడేది, చివరిదాకా విని కాపరి వైపు తిరిగింది.

"గీయిన ఏ మందల గొర్రె?" అంది.

కాపరి చాలా మర్యాదస్తుడు. గోదారి దిక్కు సారు, మంచిగనే ఉంటడు అని సర్దిచెప్పాడు. గుడారంలో ఇంకెవరికీ తెలుగు రాదు గనక సరిపోయింది. నర్సమ్మకు వచ్చు. ముఖం పక్కకు తిప్పుకుంది గానీ భుజాలు కదలడం నేను చూశాను.

తర్వాత ముదీర్‌ను పరిచయం చేశాను. పెద్దది ఆయన దగ్గరికి వచ్చి, "తిన్నవా బిడ్డా? గీడికి రా. ఎండల నిలవడకు," అంది. నేను అరబ్బీలో, తమరి ఆరోగ్యం బాగుందని ఆశిస్తున్నారు, తమను గౌరవంగా నీడకు ఆహ్వానిస్తున్నారు అన్నాను. ముదీర్ గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాడు. మన అధికారిని చూసి, "గిదేంది గింత బక్కగున్నది, మేస్తలేదా?" అంది. తమరు సన్నగా, చురుగ్గా ఉన్నారని మెచ్చుకుంటున్నారు సార్ అని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఆ మాటను తన నివేదికలో వేసుకున్నాడని తర్వాత విన్నాను.

అసలు చిక్కు ఇక్కడుంది. వాళ్లు కాపరిని ఉంచుకోవాలని పట్టుబట్టలేదు. ఆయన పోతానంటున్నాడని వాళ్లకూ తెలుసు. కానీ వాళ్ల పద్ధతిలో, వచ్చినదాన్ని ఊరికే వదిలేయకూడదు. తీసుకునేవాడు ఎదురుగా వచ్చి, ఈ మనిషిని నేను ఏం చేస్తాను అన్నది నోటితో చెప్పాలి. అది విని ఇస్తారు. ఒకడు చెప్తే చాలు. ముగ్గురు వచ్చారు.

వీసా నాది, మనిషి నాకివ్వాలి అని కఫీల్. దిగింది మా నేల మీద, ముందు మాకు అప్పగించాలి అని ముదీర్. మా పౌరుడు, మా చేతికే ఇవ్వాలి అని మన అధికారి. ఒకరికిస్తే మిగతా ఇద్దరూ ఒప్పుకోరు. హురూబ్ తీసేస్తే మాట్లాడదాం అని అధికారి అంటే, మనిషి వస్తే తీసేస్తానని కఫీల్. హురూబ్ ఉన్న మనిషిని కఫీల్‌కు ఇవ్వడం చట్టం కాదని ముదీర్. ఎదురెదురుగా ఉన్న కుర్చీలను త్రికోణంలోకి మార్చారు. అందులోనూ నాకు చోటు మిగల్లేదు. ఖర్జూరాలు తెచ్చిన చెక్క పెట్టె ఒకటి బోర్లించుకుని కూర్చోవడం నేర్చుకున్నాను.

నేను నా పని శ్రద్ధగా చేశాను. ముగ్గురూ ఏమన్నా చల్లార్చి చేర్చాను. కఫీల్ ఏదో గొణిగితే, ఈ పెద్దాయన నిన్ను ఇంటి మనిషిలా చూసుకుంటానంటున్నాడు అన్నాను. ముదీర్ కాగితం చదివితే, ఈయన నీ క్షేమం గురించి ఆరా తీస్తున్నారు అన్నాను. మన అధికారి మాట్లాడితే చల్లార్చాల్సిన అవసరం కూడా ఉండేది కాదు, అందులో వేడే ఉండదు. నిన్ను గౌరవంగా ఇంటికి చేరుస్తారట అని చెప్పాను.

రోజూ అదే జరిగేది. పెద్దది ముగ్గురినీ విని, "ముగ్గురు మంచోళ్లే ఉన్నరు. ఎవ్వలకియ్యాలె?" అని కాపరిని అడిగేది. కాపరి నా వైపు చూసేవాడు. ఆయనకు అరబ్బీ గొర్రెల మేరకు వచ్చు, కఫీల్ మాటలు కొన్ని అర్థమయ్యేవి. కానీ సూటు వేసుకున్న పెద్దమనిషి, అంటే నేను, ఇంకోలా చెప్తుంటే తనకే సరిగా అర్థం కాలేదనుకునేవాడట. పెద్దది రేపు జూద్దాం అని లోపలికి పోయేది. బండి రోజూ కొంచెం చల్లబడేది.

ఇక ఆ రోజు సంగతి.

పొద్దున్నే ముదీర్ పరివారంలో ఎవరో, పైవాళ్లకు బహుమతిగా ఖర్జూరాలు పంపాలన్నారు. నా పెట్టె తీసుకుపోయారు. నింపి తీసుకుపోయారు, నేను అడిగితే ఖాళీ పెట్టె ఇంకోటి లేదన్నారు. నిలబడ్డాను. నా మోకాళ్ల గురించి ఇక్కడ రాయడం లేదు, దాని మీద కంపెనీకి వేరుగా రాశాను. మధ్యలో మన అధికారి వచ్చి, నా మెడలో కార్డు చూసి, కారు నీడలో పెట్టమని తాళాలు నా చేతిలో పెట్టాడు. అంతకుముందు వారమంతా ఆయన మాటలు తెలుగు చేసింది నేనే. ముఖం గుర్తులేదు. కారు నీడలో పెట్టి వచ్చాను.

అప్పటికి నర్సమ్మ బండిలోంచి బయటికి వచ్చింది. బండి పక్క ముట్టుకుంటే కుండ ముట్టుకున్నట్టుందని, ఇక ఇవాళో రేపో అని చెప్పింది. ముదీర్ సరే మొదలుపెడదాం అన్నాడు. పెద్దది వచ్చింది. పక్కన కాపరి నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని. ఆ గుడారంలో నిలబడినవాళ్లం ఇద్దరమే.

కఫీల్ మొదలుపెట్టాడు. మామూలుగా అయితే నేను వింటూనే మెత్తటి మాటలు వెతుక్కునేవాణ్ణి. ఆ రోజు వెతకబుద్ధి కాలేదు. ఈ కుర్చీలవాళ్ల కోసం నేనెందుకు కష్టపడాలి అనిపించింది. ఆయన అన్నది అన్నట్టు తెలుగులో పెట్టాను.

"వీణ్ణి నేను తెచ్చుకున్నాను, నాకివ్వండి. రేపు పొద్దున్నే గొర్రెల దగ్గరికి పోవాలి. సెలవు సంగతి ఈతలయ్యాక చూస్తా. ఈ మాట ఐదేళ్లుగా చెప్తున్నా, ఇప్పుడూ అదే చెప్తున్నా."

కాపరి తలెత్తి నన్ను చూశాడు. పెద్దది నా వైపు కొంచెం వంగింది. అన్ని రోజుల్లో అది నా వైపు వంగడం అదే మొదలు. బహుశా నా తెలుగు మొదటిసారి దానికి తెలుగులా వినిపించింది.

ముదీర్ మాట్లాడాడు. "మనిషిని పరీక్షల చోటికి తీసుకుపోతాం. వీళ్లు ఏం చేశారో తేలేదాకా అక్కడే. ఆరునెలలో, ఏడాదో. తర్వాత పారిపోయినవాడి కింద కేసు ఉంది, దాని ప్రకారం నడుస్తుంది." అదీ అలాగే చెప్పాను.

మన అధికారి ఇంగ్లీషులో మంచి వాక్యాలు రెండు చెప్పాడు. చెప్పాను. తర్వాత పక్కనున్న తన సహాయకుడి వైపు వంగి గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. మా వృత్తిలో పక్కకు అన్నది అనువాదం చేయకూడదు. చేశాను. "కెమెరా ముందు తమ చేతికిస్తే చాలంటున్నాడు. హురూబూ, టిక్కెట్టూ తర్వాత ఈ కాపరే చూసుకుంటాడట. ఆఫీసు ముందు అందరిలాగే వరసలో నిలబడాలట."

గుడారంలో ఎవరికీ ఏం జరిగిందో తెలియదు. ముగ్గురూ రోజూలాగే తాము చాలా బాగా మాట్లాడామన్నట్టు కూర్చున్నారు. నర్సమ్మ మాత్రం లేచి నిలబడింది.

పెద్దది పక్కకు తిరిగింది. కాపరితో నెమ్మదిగా, తప్పిపోయి దొరికిన గొర్రెపిల్లతో ఆయన మాట్లాడే గొంతుతోనే అంది:

"వీళ్లు నిన్ను అడుగుతలేరు బిడ్డా. కార్డు అడుగుతుండ్రు."

దాని మధ్యలోంచి ఇకామా బయటికి వచ్చింది. కాపరి అరచేతిలో పెట్టింది. తన ముఖం ఉన్న వస్తువును మళ్లీ తనకే ఇవ్వడం వాళ్ల లోకంలో ఉందో లేదో నాకు తెలియదు. అప్పుడే కనిపెట్టినట్టుంది.

కార్డు కనపడగానే ముగ్గురూ లేచారు. మూడు చేతులు ముందుకు వచ్చాయి. కాపరికి అందరికంటే దగ్గరగా ఉన్నది ముదీర్, పైగా యూనిఫాం. కాపరి చెయ్యి దానంతట అదే అటు లేచింది. నేను చూస్తూనే ఉన్నాను. నాకు మాట రాలేదు, నాలుగు భాషల్లోనూ.

"జేబులో పెట్టుకో అన్నా," అంది నర్సమ్మ. అరవలేదు. మాత్ర వేసుకోమని చెప్పినట్టు చెప్పింది.

ఆయన చెయ్యి ఆగింది. కార్డు చూసుకున్నాడు. చొక్కా జేబులో పెట్టి, బొత్తాం పెట్టుకున్నాడు.

"ఇగ చెప్పు," అంది పెద్దది. "ఈ మనిషిని నువ్వేం జేస్తవ్?"

తీసుకునేవాణ్ణి అడగాల్సిన ప్రశ్న అది. కాపరినే అడిగింది.

"ఇంటికి తీస్కపోత," అన్నాడు. "నా భార్యకు కండ్ల ఆపరేషన్ ఉన్నది. దవాఖాన బయట కూసుంటా."

నేను ఆ మాటను అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ చెప్పాను. చల్లార్చడానికి అందులో ఏమీ లేదు.

పెద్దది ఆ ముగ్గురి వైపు తిరిగి, ఈయన ఇంటికాడి నుంచి ఫోన్ జేసి తిన్న అని చెప్పేదాక మేము ఈడనే కూసుంటం అంది. బండి చల్లబడ్డా సరే, తోటల పక్కనే, అటూ ఇటూ రోడ్డు మూసేసి. ఇది మాత్రం నేను పూర్తిగా, కాస్త గట్టిగా కూడా చెప్పాను.

కుర్రవాళ్లూ, దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం కోసం మనవాళ్లు ఎంతకాలం తిరుగుతారో మీరు వెళ్లాక చూస్తారు. ఆ రోజు ఆ పని మధ్యాహ్నం అసర్ నమాజుకు ముందే అయిపోయింది. కఫీల్ కళ్లజోడు తుడుచుకుని ఫోన్లో హురూబ్ తీసేశాడు. ముదీర్ ఎవరికో ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు. మన అధికారికి టిక్కెట్టు ఎక్కడ కొంటారో కూడా తెలుసని తేలింది. వెళ్లేముందు కఫీల్ కాపరిని పక్కకు పిలిచి, కుంటుతున్న గొర్రె ఏదని అడిగాడు. ఎడమ చెవి మీద నల్లమచ్చ ఉన్నది, వెనక కాలు కట్టు విప్పొద్దని ఆయన చెప్పాడు. ముసలాయన తన ఫ్లాస్కులోంచి గహ్వా పోసి ఇచ్చాడు. ఐదేళ్లలో మొదటిసారట. ఇద్దరూ నిలబడే తాగారు.

ఫొటో అప్పుడు తీశారు. దాని గురించి చెప్పాను.

విమానాశ్రయానికి ఎవరు తీసుకెళ్లాలి అన్నప్పుడు ముదీర్ మనిషి అందరి మెడల్లో కార్డులు చూశాడు. నా దాని మీద డ్రైవర్ అని ఉంది. తాళాలు ఇచ్చారు. కారు తెచ్చి గుడారం ముందు పెట్టాను. కాపరి ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక కూర్చో అంటే, సారు మీరు నడుపుతుంటే నేను ఎనక కూసుంటనా అన్నాడు. ఆ రోజు నాకు దక్కిన గౌరవం అదొక్కటే గనక ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ఇంటినుంచి ఫోన్ చేసిన రోజున బండి లేచిందట. నేను చూడలేదు. అప్పటికే నన్ను రాబిగ్‌కు పంపేశారు. బురైదాలో గడిపిన రోజులను కంపెనీ నా సెలవుల్లోంచి కోసింది. నర్సమ్మ ఫోన్ చేసి చెప్పింది: పోతూ పోతూ పెద్దది ముదీర్‌తో, "పైలం బిడ్డా," అందట, జాగ్రత్త అని. ఆయన దాని అర్థం అడిగితే, మీ పరిపాలనను ప్రశంసించారని ఆవిడ చెప్పిందట. మా వృత్తిలోకి వచ్చేయమని ఆవిడకు చెప్పాను. "వద్దులే అంకుల్," అంది.

ఆ దారిలో కారులో జరిగింది ఒకటి మిగిలింది. రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. నేను, ఎంత కష్టపడ్డామో చూశావుగా, ఇలాంటి వ్యవహారాల్లో ఒక్కో మాట ఎంత జాగ్రత్తగా వాడాలో అని ఏదో అన్నాను. కృతజ్ఞత చెప్తాడనుకున్నాను. చెప్పాడు కూడా, మీ రుణం ఉంచుకోను సారు అన్నాడు.

"ఒక మాటంటె ఏమనుకోరు గద సారు?"

అనుకోను చెప్పమన్నాను.

"ఇయ్యాల చెప్పినట్టు మొదటి దినమే చెప్పుంటె, నేను అప్పుడే పోదును. ఆపరేషన్ తారీకు మొన్న దాటిపోయింది. మళ్లా ఎప్పుడిస్తరో."

నిష్ఠూరంగా అనలేదు. రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. నేను గేరు మార్చాను.

కుర్చీ గురించి కంపెనీకి రాశాను. ఫొటో గురించి పత్రికకు రాశాను. డ్రైవర్ కార్డు గురించి ముదీర్ ఆఫీసుకు అరబ్బీలో, తాళాల గురించి మన అధికారికి ఇంగ్లీషులో రాశాను. ఎవరూ జవాబివ్వలేదు, నేను మానలేదు. ఆయన అన్న మాటకు మాత్రం జవాబు ఇవ్వాల్సింది నేను. వాళ్లావిడకు తర్వాత ఆపరేషన్ అయిందని, ఒక కంటికి బాగానే కనిపిస్తోందని, రెండోది ఆలస్యమైందని డాక్టరు అన్నాడని నర్సమ్మ ద్వారా తెలిసింది. అప్పటినుంచీ చాలాసార్లు రాయడానికి కూర్చున్నాను. మా వృత్తిలో పద్ధతులుంటాయని, మొదటి రోజే అలా చెప్పి ఉంటే ఏం జరిగేదో ఎవరికీ తెలియదని, అన్నీ వివరంగా రాయాలనే కూర్చుంటాను. మెత్తగా రాస్తే ఆయన నమ్మడు. ఉన్నదున్నట్టు రాస్తే, ఆయన కారులో అన్నదే నా చేత్తో మళ్లీ రాసినట్టవుతుంది.